ఎండబెట్టిన మట్టి

నా ఉద్యోగకాలంలో నేను సంతకం చేసిన పరీక్షా నివేదికలు ఎన్ని ఉంటాయో చెప్పలేను. ఇంజను నూనె, బాయిలర్ నీరు, పెయింటు, సబ్బు, ఇత్తడి ముక్కలు, ఇలా ఏదో ఒకటి రోజూ మా బల్ల మీదికి వచ్చేది. వాటిలో ఒక్క నివేదికను మాత్రం నేనే వెళ్లి, తప్పయింది, వెనక్కి ఇమ్మని అడిగాను. ఆ సంగతి ఇప్పుడిప్పుడే లాబుల్లో చేరుతున్న మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. గొప్ప కోసం కాదు. తప్పును ఎంత శుభ్రంగా, ఎంత పద్ధతిగా చేయవచ్చో మీకు తెలియాలని.

మాది ఖరగ్‌పూర్. తాత సోంపేట వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న అక్కడే ఫిట్టరుగా పనిచేశాడు. నేను బీఎస్సీ చదివి రైల్వే లాబులో అసిస్టెంటునయ్యాను. పూరీ గేట్ దగ్గర మా క్వార్టరు. లాబంటే రెండు గదులు, ఒక త్రాసు, ఒక ఓవెన్, ఒక పొడుగాటి బల్ల. దానికి పెద్ద ఒక బెంగాలీ ఆయన. అందరం దాదా అనే పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్లు మా వాళ్ల మధ్య పనిచేసి ఆయన తెలుగు బాగా పట్టేశాడు, అదీ అచ్చంగా మా శ్రీకాకుళం యాసలో. బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరొకాయన ఒకసారి, "మీది ఇచ్ఛాపురమా, పలాసా?" అని అడిగితే దాదా నవ్వకుండా, "ఇందా" అన్నాడు. నిజంగానే ఆయన ఇల్లు ఖరగ్‌పూర్‌లోనే ఇందా అనే పేటలో.

తొంభైల మొదట్లో రైల్వే స్థలం పక్కన ఒక ప్రైవేటు పెట్రోలు బంకు ఉండేది. ఇప్పుడు లేదు. దాని భూమిలోని ట్యాంకు తుప్పుపట్టి, ఎన్నాళ్లుగానో పెట్రోలు కారుతూ వచ్చింది. పక్క వరస క్వార్టర్ల బావి నీళ్లలో వాసన రావడంతో ఆ సంగతి బయటపడింది. బావి మూసేశారు. ట్యాంకు తీసేశారు. కారిన మేర మట్టిని తవ్వి, క్వార్టర్ల చివరి ఖాళీ స్థలంలో పెద్ద కుప్పగా పోశారు. ఊళ్లోని ఇంజనీరింగు సంస్థ ప్రొఫెసరు ఒకాయన చెప్పినట్టు ఆ కుప్పలో చిల్లులున్న గొట్టాలు పరిచి, ఎరువు కలిపి, నీళ్లు చల్లుతూ, ఒక మోటారుతో గాలి ఆడించారు. గాలీ తడీ సరిగా అందితే మట్టిలోని సూక్ష్మజీవులే పెట్రోలును తినేస్తాయట. అలాంటి పని మేము అదివరకు చూడలేదు. కొన్ని నెలలు అలా నడిచాక, మట్టి బాగుపడిందో లేదో చూడమని ఫైలు మా లాబుకు వచ్చింది.

ఆ ఫైలుకు ఒక కాగితం గుచ్చి ఉంది. ప్రొఫెసరు దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి, వరంగల్ వైపు తెలుగమ్మాయి, నమూనాలు ఎలా తీయాలో ఒక పేజీ నిండా టైపు చేసి ఇచ్చింది. ఆ అమ్మాయిని ఒకసారి కుప్ప దగ్గర చూశాను. పాతికేళ్లు కూడా ఉండవు. కాగితం చూసి, మట్టిని పరీక్షించడం మాకు ఈ పిల్ల నేర్పుతుందా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. కానీ అనుకున్నానన్నది నిజం. కాగితం తిప్పి పక్కన పెట్టాను.

నాకు తెలిసిన పద్ధతిలో చేశాను. కుప్ప పైపైన పది చోట్ల పారతో మట్టి తీసి పాలిథిన్ సంచుల్లో కట్టించాను. లాబుకు తెచ్చి ఓవెన్‌లో బాగా ఎండబెట్టాను. నూరాను, జల్లించాను. నూనెను కరిగించే ద్రావకంలో నానబెట్టి వడకట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి, గిన్నె అడుగున నూనె ఎంత మిగిలిందో తూచాను. ఇంజన్ల షెడ్డు దగ్గర నూనె కారిన మట్టికి ఎప్పుడూ చేసే పరీక్ష అదే. పది గిన్నెల్లోనూ ఏమీ మిగల్లేదు. అంత చక్కని ఫలితం నా చేతి మీదుగా అంతకుముందు రాలేదు. 'నూనె జాడ లేదు' అని రాసి సంతకం చేశాను. దాదా పైన సంతకం చేశాడు. అది గురువారం.

ఆ మట్టి ఎక్కడికి వెళ్తుందో కూడా అప్పటికే తేలిపోయింది. దగ్గర్లో రైల్వే ప్రైమరీ స్కూలు ఆటస్థలం పల్లంగా ఉండేది. వానాకాలం మోకాటి లోతు నీళ్లు నిలిచేవి. మట్టి పోయించమని హెడ్‌మిస్ట్రెస్ ఏళ్ల తరబడి అర్జీలు పెడుతోంది. మా నివేదిక రాగానే ఇంజనీరు సాహెబు సోమవారం నుంచి మట్టి తోలమని ఆర్డరు వేశాడు.

శనివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్తూ కుప్ప దగ్గర సైకిలు ఆపాను. పని పూర్తయిన చోటును ఒకసారి చూసుకుందామని. చివరి క్వార్టరు ముందు ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. కొడుకు వర్క్‌షాపులో ఫిట్టరు. మా అమ్మకు తెలిసిన మనిషి, నేను పిన్ని అనేవాణ్ని. బావి మూసినప్పటి నుంచి రెండు వరసల అవతలి కొళాయి నుంచి బిందెలు మోసుకొస్తోంది.

"ఏటి బాబూ, మట్టి బాగయిపోనాదటగా?"

"అయిపోనాది పిన్నీ. పరీచ్చ సేసినాం. ఏటీ లేదు."

"మరి పొద్దున్న కుక్క గొయ్యి తవ్వితే వాసనొచ్చినాదేటి?"

"పాత వాసన ఉంటాది. పోతాది."

ఆవిడ తువ్వాలు దులిపి తీగ మీద వేసింది. "పరీచ్చంటే ఏటి సేత్తారు?"

నేను ఉత్సాహంగానే చెప్పాను. ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి ఎండబెడతామనీ, తడి అంతా పోయాక గానీ మొదలుపెట్టమనీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, చేతిలో ఉన్న కొడుకు చొక్కా నాకు చూపించింది.

"మావోడు డూటీ నుంచొచ్చినప్పుడు దీనికి పెట్రోలు కంపు. నానేటి సేత్తాను? ఉతక్కండా ఎండలో పడేత్తాను. సాయంత్రానికి కంపుండదు. నువ్వు మట్టిని ఎండేసీసి, కంపు లేదంతన్నావేటి?"

ఆవిడ ఎగతాళికి అనలేదు. నిజంగా తెలియకే అడిగింది. సైకిలు స్టాండు వేసి కుప్ప దగ్గరికి వెళ్లాను. కుక్క తవ్విన గొయ్యిలో చెయ్యి మోచేతి దాకా పెట్టి ఒక గుప్పెడు మట్టి తీశాను. చల్లగా, తడిగా ఉంది. ముక్కు దగ్గరికి తేవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

పెట్రోలు గాలికే ఎగిరిపోతుందన్న సంగతి స్కూలు పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ తెలివి ఒక గదిలో, నా చేతి అలవాటు ఇంకో గదిలో ఉండిపోయాయి. మొదట పైమట్టి తీశాను, దాన్ని ఎండ ముందే ఆరబెట్టింది. తర్వాత ఓవెన్‌లో పెట్టాను. అప్పటికీ ఏమైనా మిగిలి ఉంటే దాన్ని ద్రావకంతో పాటు ఆవిరి చేశాను. ఇంకేమీ లేదని రూఢిగా తెలిశాక త్రాసులో పెట్టి తూచాను.

లాబుకు తిరిగి వెళ్లి ఫైలు తీశాను. ఆ అమ్మాయి కాగితంలో మొదటి వాక్యమే, నమూనాను ఏ పరిస్థితిలోనూ ఎండబెట్టరాదు అని. కింద గీత కూడా గీసి ఉంది.

ఆదివారం పొద్దున్న ఒక చిన్న పని చేశాను. మూడు గాజు సీసాల్లో సగం దాకా మట్టి నింపి, మూత బిగించి, కాసేపు ఎండలో ఉంచి, మూత తీసి వాసన చూడాలి. మట్టిలో పెట్రోలు ఉంటే సీసాలోని ఖాళీలోకి వచ్చి కూచుంటుంది. మొదట ఇంట్లో ఊరగాయ సీసాలు కడిగి వాడాను. ఎంత కడిగినా మూడింటిలోనూ ఆవపిండి వాసనే. మా ఆవిడ సీసాలు పోయినందుకు ఒక మాట, సీసాల్లో మట్టి పోసినందుకు ఇంకో మాట అంది. గోల్‌బజార్ వెళ్లి కొత్త సీసాలు కొన్నాను. ఒకదానిలో మా పెరటి మట్టి, ఒకదానిలో కుప్ప పైమట్టి, ఒకదానిలో కుప్ప లోపల మూరెడు లోతు మట్టి. వాటిని సంచిలో పెట్టుకుని సైకిలు మీద ఇందా వెళ్లాను.

దాదా వరండాలో కూచుని పేపరు చదువుతున్నాడు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా నెలన్నర ఉంది. దారి పొడుగునా నన్ను తొలిచింది అదే. నేనేమీ చెప్పకుండా సీసాలు బల్ల మీద పెట్టి వాసన చూడమన్నాను. మొదటిది చూసి భుజాలు ఎగరేశాడు. రెండోదీ అంతే. మూడో సీసా మూత తీసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇదెక్కడిది?"

"మనం పాస్ సేసిన కుప్పదే దాదా. లోపలిది."

ఆయన మూత బిగించాడు. లోపలి నుంచి దాదా భార్య, మేం బౌది అనే ఆవిడ, టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

"ఎండబెట్టినావా?" అన్నాడు చివరికి.

"ఎండబెట్టినాను."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పలేదు. అలవాటు."

"ఆ అలవాటు నీకు నేర్పింది నానే గదా" అన్నాడు.

అది నిజం. చేరిన కొత్తలో తడి మట్టి తెచ్చి త్రాసు మీద పెడితే నా చేతి మీద ఒక దెబ్బ వేసి, ముందు ఎండబెట్టు అని ఓవెన్ చూపించింది ఆయనే. ఇంజను నూనె మట్టికి అది సరైన పాఠం. ఆయన చెప్పింది తప్పు కాదు. ఎక్కడ చెల్లదో ఇద్దరం చూసుకోలేదు.

"దాదా, రేపు పొద్దున్నే సాహెబు దగ్గరికి ఎల్తాను. తప్పు నాదొక్కడిదేనని రాసి ఇచ్చెత్తాను. మీ సర్వీసు అయిపోతన్న టైములో మీ పేరెందుకు?"

"నీ కాయితం నువ్వు రాసుకో. నా సంగతి నాను సూసుకుంతాను. టీ తాగు, సల్లారిపోతంది."

సోమవారం నేను ఎనిమిదింటికే ఆఫీసుకు చేరాను. సాహెబు బీహారు మనిషి. మంచివాడే, కానీ ఒకసారి వేసిన ఆర్డరు మార్చడమంటే గిట్టదు. నేను ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. హిందీలో అడిగాడు.

"గురువారం నువ్వే ఏమీ లేదని రాసిచ్చావు. సోమవారం ఉందని రాసిస్తున్నావు. నేను ఏ కాగితాన్ని నమ్మాలి?"

"రెండోది నమ్మండి సార్. దాని వల్ల నాకు నష్టం" అన్నాను.

అప్పుడే దాదా రిక్షా దిగి లోపలికి వచ్చాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పరీక్షా పద్ధతి తనే నేర్పాడనీ, నివేదికను సరిచూడాల్సిన బాధ్యత తనదేననీ, చూడలేదనీ అందులో ఉంది. సాహెబు కాస్త మెత్తబడ్డాడు.

"దాదా, మీరు నెలన్నరలో దండ వేయించుకుని ఇంటికి వెళ్లేవారు. తప్పు ఈయన చేశాడు, ఒప్పుకున్నాడు. మీరు మీ కాగితం తీసుకుని వెళ్లండి. నేను చూడలేదనుకుంటాను."

దాదా కుర్చీలోంచి లేవలేదు. "ముందు ట్రాక్టర్లు ఆపండి సార్. కాగితాల సంగతి తర్వాత" అన్నాడు.

అప్పటికే ఒక ట్రాక్టరు వెళ్లిపోయింది. నేను సైకిలు మీద స్కూలుకు పరుగెత్తాను. ఆటస్థలం మధ్యలో మట్టి దిబ్బ పోసి ఉంది. ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. పది పదిహేను మంది పిల్లలు చెప్పులు విడిచి దాని మీదికి ఎక్కుతూ జారుతూ ఉన్నారు. కొత్త మట్టి దొరికితే పిల్లలు ఇంకేం చేస్తారు? హెడ్‌మిస్ట్రెస్‌కు రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది. ఎన్నేళ్ల తర్వాతో వచ్చిన మట్టి అది. కానీ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పిల్లలను దింపి, కొళాయి దగ్గర వరసగా నిలబెట్టి కాళ్లూ చేతులూ కడిగించింది, కిటికీలు మూయించింది. నేనూ ట్రాక్టరు మనుషులూ కలిసి మట్టిని తిరిగి ఎత్తాం. ఆఖరి తట్ట వేశాక కూడా ఇంకో నాలుగు వేళ్ల లోతు గీకించాను. నా జీవితంలో పార పట్టి అంత పని ఇంకెప్పుడూ చేయలేదు.

ఆ వారంలోనే సెలవు నుంచి పరిశోధక అమ్మాయి తిరిగి వచ్చింది. కుప్ప దగ్గరే కలిసింది.

"మేమిచ్చిన కాయితం చూడలేదా సార్?"

"చూశానమ్మా. చదవలేదు."

ఆ అమ్మాయి చెప్పుల వంక చూసుకుంది. తిట్టినా బాగుండేది. తర్వాత పద్ధతి చూపించింది. గొట్టంతో లోపలి దాకా పొడిచి మట్టి తీసి, చిన్న గాజు సీసాల్లో మెడదాకా ఖాళీ లేకుండా కుక్కి, వెంటనే మూత బిగించి, మంచులో పెట్టాలి. మంచు గోల్‌బజార్ చేపల దుకాణం నుంచి తెచ్చాం. "సీసాలు పైలం సార్" అంటుంటే దాదా నన్ను పక్కకు పిలిచి, "పైలమంటే ఏటి?" అని అడిగాడు. నాకూ తెలియదు. ఆ అమ్మాయే, "జాగ్రత్త అని సార్" అని చెప్పింది. తెలుగు మాటకు అర్థం తెలియక ఇద్దరం నిలబడ్డామని ఆ తర్వాత చాలాసార్లు నవ్వుకున్నాం.

వాళ్ల సంస్థలో యంత్రం మీద చూస్తే కుప్పలో ఒక పక్కంతా పెట్రోలు తగ్గనే లేదు. ఆ వైపు గొట్టాల చిల్లులు బంకమట్టితో పూడుకుపోయి గాలి లోపలికి వెళ్లలేదు. కుప్ప మొత్తం విప్పి, సిమెంటు గచ్చు మీద పలచగా పరిచి, పైన టార్పాలిన్ కప్పు కట్టి, రోజు విడిచి రోజు తిరగేయాలని నిర్ణయించారు. వానాకాలమంతా ఆ పని సాగింది. స్కూలు ఆటస్థలంలో ఆ ఏడు కూడా నీళ్లు నిలిచాయి.

మా ఇద్దరికీ సర్వీసు రికార్డులో హెచ్చరిక రాశారు. నా ప్రమోషను ఒక విడత వెనక్కి పోయింది. తోటివాళ్లు కొన్నాళ్లు నన్ను ఓవెన్ బాబు అన్నారు. క్యాంటీన్లో కారప్పొడి తడిగా ఉంటే నాకిచ్చి ఎండబెట్టి పెట్టమనేవాళ్లు. కోపం రాలేదని చెప్పను. దాదా రిటైర్మెంటు సభకు పెద్ద ఆఫీసర్లెవరూ రాలేదు. లాబు గదిలోనే దండ వేసి, మిఠాయి పంచాం. మాట్లాడమంటే, "ఓవెన్ స్విచ్చి లూజుగుంది, బాగుసేయించండి" అని కూచున్నాడు. ఆయన స్థానంలోకి చాలాకాలం ఎవరూ రాలేదు. నాకే తాత్కాలిక బాధ్యత అప్పగించారు.

చలికాలం వచ్చాక రెండోసారి పరీక్షకు ఆర్డరు వచ్చింది. నమూనాలు తీసే రోజున నేను ఎవరికీ కబురు చేయలేదు. కానీ తొమ్మిదింటికి మంకీ క్యాప్ పెట్టుకుని దాదా రిక్షాలో దిగాడు. పిన్ని తన వాకిట్లోంచి స్టూలు తెచ్చి వేసింది. సాయంత్రం దాకా ఎండలో కూచుని, నేను ఎక్కడ గొట్టం దించుతున్నానో, ఎంత లోతు తీస్తున్నానో, సీసాలో గాలి మిగిలిందో లేదో చూస్తూనే ఉన్నాడు.

సంస్థ నుంచి ఫలితాలు వచ్చాయి. అన్ని సీసాలూ పరిమితికి లోపలే ఉన్నాయి. ఇక నేను నివేదిక రాసి సంతకం చేయాలి. రాశాను. సంతకం దగ్గర కలం ఆగిపోయింది. రెండు రోజులు కాగితం సొరుగులో ఉంచాను. ఫలితాల మీద అనుమానం లేదు, నా మీదే. ఆ పిల్లల కాళ్లు కళ్లముందుకు వచ్చేవి.

మూడో రోజు కాగితాలు తీసుకుని ఇందా వెళ్లాను. దాదా కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పడమటి మూల ఎంత లోతు తీశావని అడిగాడు. చెప్పాను. మంచు దారిలో కరిగిందా అన్నాడు. లేదన్నాను. మట్టి ఎలా తీశాం, ఎలా దాచాం, ఎండబెట్టలేదు అన్న వివరమంతా కింద రాయమన్నాడు. అక్కడే కూచుని రాశాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నా నివేదికలన్నిటి కింద ఆ వివరం ఉండేది. ఎవరూ అడగకపోయినా.

"ఇప్పుడు సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఆయన నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. ఆఫీసు కాపీ మీద, నా సంతకానికి పైన, ముప్పై ఏళ్లుగా పెడుతున్న చోటే తన సంతకం పెట్టాడు. కింద పాత హోదా రాసి, దాన్ని తనే కొట్టివేసి, తేదీ వేశాడు. రిటైరైన మనిషి సంతకం చెల్లదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఇంకో కాపీ తీయలేదు. ఫైలు అలాగే పైకి వెళ్లింది. సాహెబు చూసి ఉంటాడు. ఏమీ అడగలేదు.